రోజూ సబ్బునీళ్లు తాగే మెషిన్‌కి కంపెందుకు? ఫ్రంట్ లోడ్ గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

వాషింగ్ మెషిన్లు బాగుచేయడం నా పని. ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్లు ఎక్కువగా ఫోన్ చేసేది రెండింటికే: తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన, నల్లబట్టల మీద తెల్లటి పీచు. మెషిన్ పాడైపోయిందని టెన్షన్ పడుతుంటారు. చాలాసార్లు వెళ్లి చూస్తే మార్చాల్సిన పార్టు ఒక్కటీ ఉండదు.

అపోహ: రోజూ సబ్బునీళ్లు తిరుగుతాయి కాబట్టి మెషిన్ దానంతటదే శుభ్రంగా ఉంటుంది.

మీకు కనిపించే స్టీలు డ్రమ్ము చుట్టూ ఇంకో పెద్ద టబ్బు ఉంటుంది, నీళ్లు నిలిచేది అందులో. ఆ రెండింటి మధ్య సందులోకి మీ చెయ్యీ వెళ్లదు, గుడ్డా వెళ్లదు. నేను విప్పినప్పుడు చూస్తుంటాను కదా, డ్రమ్ము వెనకవైపు బూడిదరంగు జిడ్డు, వేలితో గీకితే మీగడలా వచ్చేస్తుంది. పూర్తిగా కరగని డిటర్జెంటు, ఒంటి జిడ్డు, సాఫ్టెనర్ (బట్టలు మెత్తబడటానికి పోసేది), పీచు, అన్నీ కలిసిన ముద్ద అది. బ్యాక్టీరియా, బూజు దాని మీదే బతుకుతాయి. మీకొచ్చే వాసన వాటిదే.

అపోహ: ఇంకాస్త డిటర్జెంటు వేస్తే వాసన పోతుంది.

పోదు, పెరుగుతుంది. ఫ్రంట్ లోడ్ తక్కువ నీళ్లతో ఉతుకుతుంది, బట్టల్ని పైకి ఎత్తి కింద పడేయడంతోనే మురికి వదిలిస్తుంది. నురగ పరుపులా అడ్డుపడితే ఆ దెబ్బ తగలదు, ఆ కాసిని నీళ్లకి అంత సబ్బు జాడించడం కూడా కుదరదు, మిగిలిందంతా పైన చెప్పిన ముద్దలో చేరుతుంది. అనుమానముంటే ఉతికేసిన తువ్వాళ్లని డిటర్జెంటు వేయకుండా ఒకసారి తిప్పి, మధ్యలో అద్దంలోంచి చూడండి. నురగ కనిపిస్తే అది పాత బాకీ. తక్కువ నురగ వచ్చే ఫ్రంట్ లోడ్ డిటర్జెంటే వాడండి, కొలిచి వేయండి, చేతికొచ్చినంత కాదు.

అపోహ: లిక్విడ్ వాడితే మెషిన్‌కి మంచిది, పొడి వాడితే పేరుకుంటుంది.

సగం నిజం. లిక్విడ్ చల్లటి నీళ్లలో బాగా కరుగుతుంది, కానీ సాధారణంగా అందులో బ్లీచ్ గుణం ఉండదు. చాలా పొడుల్లో ఆక్సిజన్ బ్లీచ్ ఉంటుంది, అది వేడినీళ్లలో బాగా పనిచేస్తుంది. ఎప్పుడూ లిక్విడే, ఎప్పుడూ చన్నీళ్లే, పైగా ప్రతిసారీ 15 నిమిషాల క్విక్ వాష్ అంటే జిడ్డు ఎలా వదులుతుంది? వేడికి ఆగే తెల్లబట్టల్ని, తువ్వాళ్లని అప్పుడప్పుడు పొడితో 60 డిగ్రీల్లో ఉతకండి. సాఫ్టెనర్ మాత్రం తగ్గించండి, తువ్వాళ్లకైతే అసలు వద్దు. అది నూలు మీద పొరలా పట్టుకుని నీళ్లు పీల్చనివ్వదు.

అపోహ: వెనిగర్ పోస్తే అన్నీ పోతాయి.

నీళ్లలోని సున్నం పేరుకుని కట్టిన పొరని కరిగిస్తుంది, నిజమే, జిడ్డు దగ్గర దాని పస అంతంతే. మాటిమాటికీ పోస్తే రబ్బరు దెబ్బతినొచ్చు. వెనిగర్‌ని క్లోరిన్ బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఈ విషయంలో ప్రయోగాలొద్దు.

అపోహ: కింద ఫిల్టర్ ఉందిగా, పీచంతా అదే పట్టుకుంటుంది.

ఎక్కువ అపార్థం ఇక్కడే. కొన్ని టాప్ లోడ్లలో ఉండే వల సంచి లాంటిది కాదు ఇది. నాణేలు, పిన్నులు, గుండీలు పంపులో పడకుండా కాపాడటమే దీని పని. సన్నటి పీచు నీళ్లతో పాటు బయటికి పోవాలి. డ్రమ్ము కుక్కేస్తే బట్టలు కదలవు, నీళ్లు వాటి మధ్యకి వెళ్లవు, పీచు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. బట్టల పైన అరచెయ్యి పట్టేంత ఖాళీ వదలండి. తువ్వాళ్లతో కలిపి నల్లబట్టలు వేయకండి, నల్లబట్టల్ని విడిగా, తిరగేసి వేయండి. జేబులు తడిమి చూడండి, ఒక్క టిష్యూ కాగితం చాలు మెషిన్‌ని మంచు కురిసినట్టు చేయడానికి.

అలాగని ఫిల్టర్‌ని వదిలేయకండి, నెలకోసారి తీయండి. ప్లగ్ పీకి, నీళ్లు చల్లారనిచ్చి, కింద పళ్లెం పెట్టి, పక్కన చిన్న పైపు ఉంటే ముందు దాంతో నీళ్లు వదిలి, అప్పుడు నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారిగా పీకేసి ఇల్లంతా కడుక్కున్నవాళ్లు చాలామందే ఉన్నారు. లోపల తిరిగే రెక్కకి వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి, అవీ తీయండి.

అపోహ: ఉతకడం అయ్యాక తలుపు మూసెయ్యాలి, లేకపోతే దుమ్ము పడుతుంది.

దుమ్ము కన్నా తడి ప్రమాదం. రబ్బరు మడతని వేలితో తెరిచి పొడిగుడ్డతో తుడవండి, తలుపు, డిటర్జెంటు డ్రాయర్ కొంచెం తెరిచి ఉంచండి. చిన్నపిల్లలో, పెంపుడు జంతువులో ఉంటే అవి లోపలికి దూరకుండా ఒక కన్నేసి ఉంచాలి.

ఇదంతా చేసినా మురుగు కాలవ వాసన వస్తుంటే, అది డ్రమ్ముది కాకపోవచ్చు, డ్రెయిన్ పైపుని గోడ గొట్టంలోకి మరీ లోతుగా దూర్చారేమో చూడండి.

ఎప్పటినుంచో కంపు కొడుతున్న మెషిన్ అయితే ఖాళీ డ్రమ్ముతో, ఉన్న వాటిలో అత్యంత వేడి సైకిల్ వేయండి. మొదటిసారి నల్లటి పెచ్చులు రాలొచ్చు, వాసన కూడా ఇంకా ఎక్కువైనట్టు అనిపించొచ్చు. భయపడకండి, పాతదంతా ఊడుతోందన్నమాట. రబ్బరు మడతలో చిక్కుకున్నవి తుడిచేసి ఇంకోసారి తిప్పండి, ఆ తర్వాతే బట్టలు వేయండి.