దెబ్బ తిన్న జంతువు పొలిమేర దాటితే

ఇటు ఊరివాళ్లు కొట్టిన అడవిపంది చావలేదు. నెత్తురు కార్చుకుంటూ అటు ఊరి చేలోకి దూరింది. వెంటపడి వెళ్లొచ్చా? అక్కడ పడిపోతే అది ఎవరిది?

అటు ఒడిశాలోని కోరాపుట్ జిల్లా పొట్టంగి, ఇటు మన సాలూరు కొండల్లో ఇది తాతల నాటి తగువు. ఆ మాటకొస్తే ప్రపంచమంతా ఉన్నదే. గాయపరిచినంత మాత్రాన జంతువు నీది కాదు, చేతికి చిక్కాకే నీది అని ఆరో శతాబ్దంలోనే జస్టీనియన్ చక్రవర్తి నాటి రోమన్ చట్టం తేల్చింది. జర్మనీ కేంద్ర చట్టం ప్రకారం ఇవాళ్టికీ పక్కవాళ్ల వేట హద్దులోకి దాన్ని వెంటాడాలంటే ముందే రాసుకున్న ఒప్పందం ఉండాలి.

మా కొండల్లో రాతకోతలు లేవు, మాటే. పెద్దలు చెప్పగా విన్నది ఇది: మొదటి బాణం ఎవరిదో వేట వాళ్లదే, కానీ పొలిమేర దాటే ముందు ఆ ఊరి పెద్దకు కబురు చెప్పాలి, జంతువు పడిన ఊరికి వాటా ఇవ్వాలి. వాటా కన్నా గట్టి నియమం ఇంకొకటి ఉండేది. కొన ఊపిరితో ఉన్న జంతువును వదిలేసి ఇంటికి రాకూడదు. చీకటి పడితే తెల్లారి మళ్లీ నెత్తుటి జాడ పట్టాలి. దెబ్బ తిన్న పంది పొదలో ఉందని తెలియక కట్టెలకు వెళ్లిన మనిషి ప్రాణం మీదికి వస్తుంది కదా. విత్తనాలకు ముందు వచ్చే చైత్ర పరబ్‌లో, మన వైపు ఇటుకల పండుగలో, ఊళ్లకు ఊళ్లే వేటకు కదిలేవి. టెన్షన్ అంతా అప్పుడే.

అప్పట్లో పొలిమేర అంటే ఊరి పొలిమేరే. కోరాపుట్ ప్రాంతం జయపురం జమీందారీలో, మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సు అయ్యాక అదే కొండల మీద ఇంకో గీత పడింది. కొఠియా దగ్గర 21 ఊళ్లు ఆంధ్రవా ఒడిశావా అన్న గొడవ 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది, నేటికీ తెగలేదు.

1972 వన్యప్రాణి చట్టం మొదట్లో లైసెన్సు వేటను ఉంచింది. 1991 సవరణ ఆ తలుపు మూసేసింది. ఆ చట్టం 39వ సెక్షన్ ప్రకారం వేటాడిన జంతువైనా, చచ్చి పడి దొరికినదైనా, దాని మాంసమైనా రాష్ట్ర ప్రభుత్వానిదే. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కులను ఒప్పుకుంది గానీ వేటను మినహాయించింది. అంటే నిన్నటి మర్యాద వాటా నేడు కేసు.

చంపొద్దనడం న్యాయమే. అడవిలో జంతువులు ఎంత తగ్గిపోయాయో కొండవాళ్లే చెబుతారు. నాకు బాధల్లా, వేటతో పాటు ఆ వెంటపడి ముగించే బాధ్యత కూడా పోవడం. ఇప్పుడు ఉచ్చు వేసినవాడు, నాటు బాంబు పెట్టినవాడు కేసు భయంతో జాడ పట్టడు. పంది ఎవరి చేలో కూలబడిందో ఆ రైతు కూడా, నేరం తన మీదకు వస్తుందని నోరు విప్పడు. ఇద్దరి మధ్య ఆ జీవం రెండు మూడు రోజులు కొట్టుకుంటుంది.

కబురు చెప్పే పాత పద్ధతి ఇప్పుడు ఫారెస్టు గార్డు దగ్గరికి మారాలి. గీతకు అటువైపు గార్డుకూ అదే పూట తెలియాలి. చేలో నెత్తుటి జాడ చూసి ఫోన్ చేసిన రైతును ముందు ముద్దాయిలా కూర్చోబెడితే, రెండోసారి ఎవరూ ఫోన్ చేయరు.