ముంబై నడిబొడ్డున అద్దె ఇల్లు ఎందుకు అందదు?

ముంబైలో ఉద్యోగం వచ్చి వెళ్లే మనవాళ్లు చాలామంది మొదట ఆఫీసుకు దగ్గర్లోనే ఇల్లు చూసుకుందామనుకుంటారు. ఆఫీసేమో ఫోర్ట్‌లోనో, నారిమన్ పాయింట్‌లోనో, లోయర్ పరేల్‌లోనో ఉంటుంది. బ్రోకర్లు చెప్పే అద్దెలు విన్నాక వెతుకులాట లోకల్ రైలు పట్టాల వెంట ఉత్తరానికి జరుగుతూ పోతుంది. అంధేరి, మలాడ్, బోరివలి, అక్కడా కుదరకపోతే మీరా రోడ్. సెంట్రల్ లైన్ అయితే ఠాణే, డోంబివలి. హైదరాబాద్‌లోలా వీధులు తిరుగుతూ, గేట్లకు కట్టిన టులెట్ బోర్డులు చూసి నేరుగా ఓనరుతో మాట్లాడుకోవడం అక్కడ దాదాపు కుదరదు. బ్రోకర్ ఉండాల్సిందే, అతనికి ఒక నెల అద్దె ఇచ్చుకోవాల్సిందే.

ఎందుకింత కష్టం అని అడిగితే, ‘ద్వీపం కదా, స్థలం తక్కువ, జనం ఎక్కువ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజమే గానీ, అది సగం నిజం. అదే గిర్గావ్‌లో, అదే కాల్‌బాదేవిలో నెలకు కొన్ని వందల రూపాయల అద్దెతో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పక్క సందులో కొత్తగా లేచిన టవర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్‌కు లక్ష అడుగుతారు. ఈ రెండింటికీ మధ్య, మామూలు జీతగాడు కట్టగలిగే ఇల్లు కనిపించదు. ఒకప్పుడు ఉండేది. అది పోవడంలో నేల కరువు కంటే చట్టాల చేయి ఎక్కువ.

1896లో మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్లే కారణమని బ్రిటిష్ ప్రభుత్వం తేల్చుకుని, 1898లో బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును పెట్టింది. ట్రస్టు పాత బస్తీలు కూల్చి రోడ్లు వెడల్పు చేసింది. కూల్చిన జోరు కట్టడంలో లేదు. ఇళ్లు పోయినవాళ్లు పక్క బస్తీల్లోకి సర్దుకోవడంతో అక్కడ కిక్కిరిసిపోయింది.

ఈ జనంలో తెలుగువాళ్లూ ఉన్నారు. నిజాం ఇలాకా నుంచి రాళ్లెత్తే పనులకు వెళ్లిన కామాటీలు స్థిరపడిన చోటే కామాటిపురా. తర్వాత కరీంనగర్, నల్గొండ, వరంగల్ ప్రాంతాల నుంచి పద్మశాలీలు బట్టల మిల్లులకు వెళ్లి వర్లీ, పరేల్ చాల్స్‌లో కాపురాలు పెట్టారు. చాల్ అంటే పొడుగాటి వరండా, దాని వెంట వరసగా ఒంటి గదులు, అంతస్తుకు ఒక మూల అందరికీ కలిపి మరుగుదొడ్లు. ఊళ్లో మగ్గం గుంట ఉన్న ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు ఆ ఒక్క గదే వంటిల్లు, పడకిల్లు. ఊరి నుంచి వచ్చిన బావమరిదికీ, బాబాయి కొడుక్కీ అందులోనే చోటు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మిల్లులకు గిరాకీ పెరిగింది, జనం పోటెత్తారు, ఓనర్లు అద్దెలు పెంచేశారు. 1918లో ప్రభుత్వం తొలి అద్దె నియంత్రణ చట్టం తెచ్చి, అద్దెలను 1916 జనవరి స్థాయికి కట్టేసింది. అది యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటు, ఇరవయ్యో దశకం చివరికల్లా ఎత్తేశారు కూడా. ఆ మధ్యకాలంలో, 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటును పెట్టి, నగరానికి వచ్చే ప్రతి పత్తి బేలు మీద ఒక రూపాయి పన్ను వేసి, ఆ డబ్బుతో కార్మికులకు చాల్స్ కట్టించాడు. అవే బీడీడీ చాల్స్. వర్లీ, నాయ్‌గావ్, డెలైల్ రోడ్, సేవ్రీల్లో మొత్తం 207 భవనాలు, గది 160 చదరపు అడుగులు. కొత్తలో చాలా గదులు ఖాళీగా పడి ఉన్నాయి. ఆ ముద్ద కాంక్రీటు కొట్లకు అంత అద్దె కట్టడం కార్మికులకు ఇష్టం లేకపోయింది. శాసనోల్లంఘన రోజుల్లో వర్లీ చాల్స్‌ను సత్యాగ్రహులకు తాత్కాలిక జైలుగా కూడా వాడారు.

1930లు వచ్చేసరికి డబ్బున్నవాళ్లు అద్దెల కోసమే ఇళ్లు కట్టేవారు. ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే మెరీన్ డ్రైవ్, ఓవల్ మైదాన్ ఎదుటి ఆర్ట్ డెకో (అప్పటి కొత్త శైలి) భవనాలు చాలావరకు అద్దెకివ్వడానికి కట్టినవే. అపార్ట్‌మెంట్ కట్టి ఫ్లాట్లు ఒక్కొక్కటిగా అమ్మే పద్ధతి అప్పటికి ఇంకా పాతుకోలేదు. అద్దె మీద వచ్చే రాబడి చూసుకుని భవనం కట్టే పెట్టుబడిదారుడు నగరంలో ఉన్నాడన్నమాట. తర్వాత కనపడకుండా పోయింది అతనే.

రెండో ప్రపంచ యుద్ధం, వెంటనే దేశ విభజన. సింధ్ నుంచి, పంజాబ్ నుంచి శరణార్థులు వచ్చారు. 1947లో బాంబే అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది, 1948 ఫిబ్రవరి నుంచి అమలైంది. అద్దెలు 1940 సెప్టెంబరు 1న ఎంత ఉన్నాయో అంతే ఉండాలి, పన్నులు పెరిగినప్పుడు చట్టం ఒప్పుకున్న కాస్త పెంపు తప్ప. కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. అద్దెకున్న మనిషి చనిపోతే, అదే ఇంట్లో ఉంటున్న కుటుంబసభ్యులకు ఆ హక్కు దక్కుతుంది. కొన్నాళ్లకే అనుకున్న చట్టాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ యాభై ఏళ్లు నడిపారు.

ఈ చట్టాన్ని తిట్టిపోయడం ఇప్పుడు ఫ్యాషన్. నాకైతే అంత తేలిగ్గా తీసిపారేయాలనిపించదు. గుమాస్తా, మిల్లు కార్మికుడు, స్కూలు టీచరు రెండు మూడు తరాల పాటు దేశంలోనే ఖరీదైన నేల మీద బతకగలిగారంటే దీని చలవే. చిక్కల్లా ఒకటే. చట్టం అప్పటికే లోపల ఉన్నవాళ్లను కాపాడింది. తర్వాత వచ్చేవాడికి ఇల్లు ఎవరు కడతారన్నది ఎవరూ పట్టించుకోలేదు.

అద్దె కదలనప్పుడు అద్దె కోసం ఇల్లు కట్టేవాడు ఆగిపోయాడు. ఉన్న ఓనరు మరమ్మతులు మానేశాడు. సున్నం బస్తా, మేస్త్రీ కూలి ఏటా పెరుగుతుంటే, నలభై రూపాయల అద్దెతో పైకప్పు ఎవరు వేయిస్తారు? ఇక ఖాళీ అయిన గదికి అసలు ధర చీకట్లో నిర్ణయమైంది. అదే పగడీ. హైదరాబాద్ పాత మార్కెట్లలో దుకాణాలకు వినిపించే మాటే, అక్కడ ఇళ్లకూ పాకింది. చేరేటప్పుడు ఓనరుకు పెద్ద మొత్తం చేతిలో పెట్టాలి, ఆ తర్వాత నెలనెలా నామమాత్రపు అద్దె. వెళ్లిపోయేటప్పుడు ఇంకొకరికి ఆ హక్కు అమ్ముకోవచ్చు, అందులో మూడో వంతు అటూ ఇటూగా ఓనరుకు ముడుతుంది. 1947 చట్టం ప్రకారం ఇలా తీసుకోవడం నేరం. ఊరంతా చేసింది మాత్రం అదే.

1960ల్లో భవనాలు కూలడం మొదలైంది. 1969లో ప్రభుత్వం మరమ్మతుల బోర్డు పెట్టి, పాత భవనాల మీద సెస్సు వేసింది. అప్పుడు లెక్క తేలినవి 19,642 భవనాలు. ఓనరు చేయాల్సిన పని ప్రభుత్వం నెత్తికెత్తుకుంది, ఆ తర్వాత అది రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతికి వచ్చింది. టేకు దూలాలకు ఇనుప కమ్ములు దన్ను పెట్టి నిలబెట్టిన ఆ భవనాలు ఇప్పటికీ గిర్గావ్‌లో, డోంగ్రీలో కనిపిస్తాయి. అన్నీ నిలబడలేదు. 2017 ఆగస్టు 31న భేండీ బజార్‌లో హుసేనీ భవనం కూలి 33 మంది చనిపోయారు.

ఇంతలో ఓనర్లు ఒక సందు కనిపెట్టారు. అద్దె ఒప్పందం రాసుకుంటేనే కదా చట్టం వర్తించేది, ‘లీవ్ అండ్ లైసెన్స్’ అని రాసుకుంటే? అంటే అద్దెకివ్వడం లేదు, ఉండటానికి అనుమతి మాత్రమే ఇస్తున్నాం అని. కొన్నేళ్లు అలా సాగింది. 1973లో ప్రభుత్వం చట్టం సవరించి, ఫిబ్రవరి 1 నాటికి అలా ఉంటున్నవాళ్లందరినీ అద్దెదారులుగా గుర్తించింది. రాత్రికి రాత్రి వాళ్లకు రక్షణ దొరికింది. ఓనర్లకు మాత్రం వణుకు పుట్టింది. రేపు ఏ సవరణ వస్తుందో, ఎవరు పాతుకుపోతారో అన్న భయం ముంబై ఓనర్ల మనసులోంచి ఇప్పటికీ పోలేదనే నా అనుమానం. ఫ్లాట్‌కు తాళం వేసి ఉంచుకుంటారు గానీ అద్దెకివ్వరు. 2011 జనాభా లెక్కల్లో ముంబైలో దాదాపు 4.8 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. దేశంలో ఏ నగరంలోనూ అన్ని లేవు.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మిల్లులు మళ్లీ కోలుకోలేదు. మిగిలింది పరేల్, వర్లీ, లాల్‌బాగ్‌ల్లో దాదాపు 600 ఎకరాల నేల. నడిబొడ్డున సామాన్యులకు ఇళ్లు కట్టడానికి అంతకు మించిన అవకాశం మళ్లీ రాదు. నగరాభివృద్ధికి 1991లో పెట్టిన నిబంధనల్లో ఆ ఊసు ఉంది: మిల్లు నేలలో మూడో వంతు ఖాళీ స్థలంగా నగరానికి, మూడో వంతు ప్రభుత్వ ఇళ్లకు, మిగిలింది యజమానికి. 2001లో చిన్న సవరణ చేశారు. పంచాల్సింది మొత్తం నేల కాదు, కట్టడాలు లేని ఖాళీ నేల మాత్రమే అని. మిల్లు అంటే నేలంతా షెడ్లే కాబట్టి నగరానికి దక్కింది తునక. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణను సమర్థించింది. ఇప్పుడక్కడ మాల్స్, ఆఫీసులు, అద్దాల టవర్లు. మన పద్మశాలీల పిల్లలు కొందరు అదే నేల మీద ఆఫీసుల్లో పనిచేస్తూ, ఇంటికి మాత్రం రైలెక్కి పోతున్నారు.

పాత భవనాల సంగతీ 1991 నుంచి ఇంకో దారి పట్టింది. బిల్డర్ భవనాన్ని కూల్చి, పాత అద్దెదారులకు ఉచితంగా సొంత ఫ్లాట్లు ఇవ్వాలి. బదులుగా అదనంగా కట్టుకునే హక్కు వస్తుంది, ఆ ఫ్లాట్లు మార్కెట్ ధరకు అమ్ముకుంటాడు. అద్దెదారుకు లాభం, బిల్డర్‌కు లాభం. అయితే వందల రూపాయలకు అద్దెకు దొరికే గదులున్న భవనం పోయి, కోట్ల విలువైన ఫ్లాట్ల భవనం లేస్తుంది. ఒక్కో ప్రాజెక్టు పూర్తయిన కొద్దీ నగరంలో చౌక అద్దె గదులు అన్ని తగ్గుతాయి. సొంతింటి కల గురించి నాయకులు మాట్లాడేటప్పుడు ఈ లెక్క చెప్పరు.

చివరికి 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు, 1940 నాటి అద్దెలనే ఇంకా పట్టుకుని వేలాడటం సహేతుకం కాదని చెప్పింది. 1999లో కొత్త చట్టం చేశారు, 2000 మార్చి 31 నుంచి అమలు. అందరూ పెద్ద సంస్కరణ ఎదురుచూశారు. వచ్చిందేమిటి? పాత అద్దెలకు ఏటా 4 శాతం పెంపు. ఆ లెక్కన 2000లో వంద రూపాయలున్న అద్దె పాతికేళ్లకు మూడు వందలు కూడా కాదు. పగడీని చట్టబద్ధం చేశారు. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు, వాటాదారులు చెల్లించిన మూలధనం కోటి రూపాయలు, ఆపైన ఉన్న కంపెనీలకు మాత్రం రక్షణ తీసేశారు. మామూలు మనిషికి పనికొచ్చింది ఒకటే. లీవ్ అండ్ లైసెన్స్ గడువు ముగిశాక ఖాళీ చేయకపోతే రెట్టింపు కట్టాలి, కోర్టు కూడా త్వరగా తేలుస్తుంది. ఇవాళ ముంబైలో కొత్తగా దొరికే ఇళ్లన్నీ దాదాపు ఈ ఒప్పందాల మీదే. పదకొండు నెలల గడువు, ఏటా పెంపు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

హైదరాబాద్ ఈ గొడవలో ఇరుక్కోలేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం మనకూ ఉంది. అయితే నిర్ణీత మొత్తం దాటిన అద్దెలను దాని పరిధి నుంచి తప్పించారు. 2005 సవరణతో కార్పొరేషన్లలో ఆ హద్దు నెలకు 3,500 రూపాయలు. అందుకే మధ్యతరగతి ఓనరు కింద తాముండి పైన రెండు పోర్షన్లు అద్దెకివ్వడానికి జంకలేదు. టులెట్ బోర్డు వెనక ఈ చట్టపు ధీమా కూడా ఉంది.

ముంబైలో మరి ప్రభుత్వమే అద్దె ఇళ్లు కట్టలేదా? కట్టింది. యాభై, అరవైల్లో హౌసింగ్ బోర్డు కట్టిన అద్దె కాలనీలను తర్వాత అందులో ఉన్నవాళ్లకే అమ్మేసింది. 2008లో ముంబై మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ ఎంఎంఆర్‌డీఏ మళ్లీ ఒక అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. బిల్డర్లకు అదనపు నిర్మాణ హక్కు ఇచ్చి చిన్న ఇళ్లు కట్టించి, ఎనిమిది వందలు మొదలు పదిహేను వందల దాకా అద్దెకివ్వాలని ఆలోచన. ఇంటి సైజు 160 చదరపు అడుగులు, సరిగ్గా 1920ల బీడీడీ గదంత. అవీ నగరం నడిబొడ్డున కాదు, శివార్లలో. కొన్నేళ్లకు ఆ పథకాన్ని కూడా సొంతింటి పథకంగా మార్చేశారు. ఎవరికి అద్దెకివ్వాలి, నెలనెలా వసూలెవరు చేయాలి అన్న తలనొప్పి ఏ ప్రభుత్వానికీ ఇష్టం ఉండదు. అమ్మేస్తే పీడా పోతుంది, ఓట్లూ వస్తాయి.

ఇప్పటి లెక్క కూడా ఒకసారి చూడండి. లోయర్ పరేల్, దాదర్ వైపు రెండు కోట్ల ఫ్లాట్ మీద ఏటా రెండున్నర, మూడు శాతం రాబడి అనుకున్నా నెలకు నలభై, యాభై వేల అద్దె అవుతుంది. ఓనరుకు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకంటే నయం. అద్దెకుండేవాడికి జీతంలో సగం పైనే. అంటే ఇచ్చేవాడికి చాలదు, కట్టేవాడికి అందదు. దీనికి తోడు మూడు నుంచి ఆరు నెలల డిపాజిట్. కొందరు ఓనర్లయితే ‘హెవీ డిపాజిట్’ అంటారు, అంటే లక్షలు ముందే పెట్టి నెలకు తక్కువ అద్దె కట్టడం. మాంసం తినకూడదు, పెళ్లికానివాళ్లకు ఇవ్వం, ఫలానా మతమైతే ఇవ్వం లాంటివి వేరే. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు డిపాజిట్ రెండు నెలలకు మించకూడదంటుంది. ముంబైలో పగడీ అద్దెదారులు దాన్ని చూసి తమ హక్కులకే ఎసరు పెడతారని టెన్షన్ పడ్డారు.

2025 ఆగస్టులో వర్లీ బీడీడీ చాల్స్ పునర్నిర్మాణంలో మొదటి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల సొంత ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. నూరేళ్లు ఒంటి గదిలో గడిపిన కుటుంబాలకు అది దక్కాల్సిందే, ఎవరూ కాదనరు. అదే స్థలంలో పక్కన లేచే టవర్లు మాత్రం అమ్మకానికి. కామాటిపురాను కూడా ఇలాగే కూల్చి కట్టే ప్రణాళిక మ్హాడా చేతిలో ఉంది. అదే ఏడాది అక్టోబరులో నగరం దక్షిణ కొసనున్న కఫ్ పరేడ్ దాకా మెట్రో మూడో లైను పూర్తిగా మొదలైంది. నడిబొడ్డున కొత్తవాళ్లకు అద్దె ఇళ్లు కట్టే పథకమేదీ ప్రభుత్వం దగ్గర కనిపించడం లేదు. డబ్బంతా వాళ్లను దూరం నుంచి తెచ్చి దింపే రైళ్ల మీదే పెడుతోంది.