అవ్వ జాడీలు, ఆడిటరు

చిత్తూరు,
ఆషాఢ మాసం.

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మొన్న మీ మామ పనిచేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ చూసి వచ్చాక మీలో చిన్నవాడు అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు: "లెక్కలు రాయడానికి అకౌంటెంటు ఉన్నాడు కదా, మళ్ళీ తిరుపతి నుంచి ఆడిటరు ఎందుకు తాతా?"

మీ అవ్వ ఊరగాయను తలుచుకోండి. ఎన్ని కాయలు కొన్నది, ఉప్పు, కారం, నూనె ఎంత పడింది, చెల్లెలింటికి ఎన్ని జాడీలు పంపింది, అంతా ఏ రోజుది ఆ రోజే నోటుబుక్కులో రాసి, చివరకు మిగిలిన జాడీలెన్నో తేలుస్తుంది. అకౌంటెంటు పని అదే. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు జరిగిన ప్రతి లావాదేవీని పద్దుగా రాసి, లాభనష్టాలను, ఉన్న ఆస్తులను, తీర్చవలసిన అప్పులను తేల్చడం.

ఆడిటరు ఆ పుస్తకం రాయరు. ఊరగాయలో చెయ్యి పెట్టని పొరుగూరి అత్తలాగా పుస్తకం పట్టుకొని అటక ఎక్కుతారు. పద్దులో ఉన్న జాడీ అటకమీద ఉందా అని, అటకమీది జాడీ పద్దుకెక్కిందా అని రెండు వైపుల నుంచీ చూస్తారు. నూనె కొన్న రశీదు అడుగుతారు. చెల్లెలికి పంపామంటే ఆ చెల్లెలినే అడిగి తెలుసుకుంటారు. అన్నీ తెరవలేరు కనుక కొన్నే తెరుస్తారు. అన్నం సంగతి ఒక్క మెతుకు చెబుతుంది, ఎందుకంటే అంతా ఒకే గిన్నెలో ఉడికింది. జాడీలు ఒక్కో రోజు ఒక్కో బుట్ట కాయలతో నిండినవి, కనుక తడి తగిలే మూలనున్న జాడీని ముందు దించాలి. ఏది దించాలో ఎరగడమే ఆ విద్యలో కష్టమైన భాగం.

మా నాన్న ఇక్కడే ఒక బెల్లం మండీలో గుమాస్తాగా పనిచేసేవారు. ఒక సంవత్సరాంతాన ఆడిటరు గోదాములో మూటలు లెక్కపెడితే పుస్తకంలో కంటే మూడు తక్కువ వచ్చాయి. నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మరునాడు వెతకగా, తెల్లవారుజామున బండికెక్కించిన మూడు మూటల చీటీ కాటా పక్కనున్న బల్ల సొరుగులో దొరికింది. ఎంత నిజాయితీపరుడికైనా తాను రాసిన పుస్తకంలో తన పొరపాటు సులభంగా కనబడదు. ఒక కంపెనీకి ఆడిటరుగా ఉన్నవారు అదే కంపెనీ లెక్కలు రాసిపెట్టకూడదని 2013 కంపెనీల చట్టం నిషేధించింది; ఆ నియమం చదివినప్పుడు నాకు నాన్న ముఖమే గుర్తుకు వచ్చింది. అంత చూసినా ఆడిటరు హామీ ఇవ్వరు. లెక్కలు నిజస్థితిని చూపుతున్నాయో లేదో తన అభిప్రాయం రాసి సంతకం చేస్తారు.

ఈ ఆదివారం అవ్వ నోటుబుక్కు తీసుకొని అటక ఎక్కండి. పెద్దది పద్దు చదవాలి, చిన్నవాడు జాడీని ముట్టి చెప్పాలి. తరువాత జాడీ నుంచి పద్దుకు రావాలి. మూత తీసే ముందు చేతులకు తడి లేకుండా తుడుచుకోండి.

మీ తాత.