దంతవక్త్రుని కోట వెనక దంతపురం

శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలో, రొట్టవలస దగ్గర, పొలాల మధ్య పాత మట్టికోట కట్ట ఉంది. అది దంతవక్త్రుని కోటని, కృష్ణుడి చేతిలో చచ్చిన ఆ రాజు ఇక్కడే ఏలాడని స్థానికులు చెప్పుకుంటారు. పురాణం తీసి చూస్తే చిక్కొస్తుంది. దంతవక్త్రుడిది కరూశ దేశం. అది వింధ్య పర్వతాల వైపుది, ఈ కోట ఉన్న కళింగం కాదు.

అలాగని కథను కొట్టిపారేయలేం. కళింగుల పాత పట్టణం దంతపురం ఈ కోటేనని ఒక వాదన ఉంది. భారతం ఉద్యోగపర్వంలో కళింగులు ఓడిన చోటు దంతకూరం. కళింగాన్ని ఏలిన గాంగరాజు ఇంద్రవర్మ జిర్జింగి తామ్రశాసనాన్ని దంతపురం నుంచే ఇచ్చాడు. గాంగ శకం 39, అంటే సుమారు క్రీ.శ. 537. అంతకు ముందే రోమన్ రచయిత ప్లినీ, గంగ ముఖద్వారానికి 625 మైళ్ల దూరంలో దండగూడ అనే పట్టణం ఉందని రాశాడు. ఆ దండగూడ, దంతపురం ఒకటేనని కొందరంటారు. ఆ మైళ్ల లెక్క నమ్ముకుని బయల్దేరితే మాత్రం ఊరు చేరం.

సింహళంలో 13వ శతాబ్దపు పాళీ గ్రంథం దాఠావంశం చెప్పేది ఇంకో కథ. బుద్ధుడి చితిలోని దంతం కళింగ రాజు బ్రహ్మదత్తుడికి చేరింది, దంతపురంలో పూజలందుకుంది. 4వ శతాబ్దంలో యుద్ధం ముంచుకొస్తే రాజకుమారి హేమమాల దాన్ని జుట్టులో దాచి, భర్తతో ఓడెక్కి సింహళం చేర్చింది. 5వ శతాబ్దం మొదట్లో చైనా యాత్రికుడు ఫాహియాన్ అక్కడి దంతోత్సవం గురించి రాశాడు కాబట్టి ఆ పూజ కల్పన కాదు. దంతం ఈ కోట నుంచే వెళ్లిందనడం వేరే సంగతి. ఒడిశాలోని పూరీ, పాలూరు, బెంగాల్‌లోని దాంతన్ కూడా మేమే దంతపురమంటాయి.

బౌద్ధం తగ్గాక దంతం సంగతి మరుగునపడి పేరొక్కటే మిగిలిందని, పురాణ కాలక్షేపాల్లో విన్న దంతవక్త్రుణ్ని జనం దానికి తగిలించారని అనుకోవడమే సబబు. వంశధార ఒడ్డునే ఉన్న శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో గిడుగు రామమూర్తి గుర్తించేదాకా పట్టించుకున్నవారు తక్కువే.

1990లలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే కుండ పెంకులు, స్తూపాల ఆనవాళ్లు బయటపడ్డాయి. బౌద్ధులున్నారని తేలింది, ఊరి పేరు తేలలేదు. కట్ట వయసు తేల్చాలంటే దాన్ని అడ్డంగా కోసి, అట్టడుగు పొరలోని బొగ్గును పరీక్షించాలి. కట్టలో దొరికిన పెంకుతో పని జరగదు. పక్కన తవ్విపోసిన మట్టితో పాటే అంతకు ముందు కాలం పెంకులు కట్టలో కలిసిపోతాయి. ఆ పెంకు కంటే కట్ట పాతది కాదని మాత్రమే చెప్పగలం. ఎలుక బొరియలున్నచోట అదీ చెప్పలేం. పైపొర నాణెం కింది పొరలోకి జారిపోతుంది.