వేరు కుళ్ళదేం?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కాలవలు కట్టేసిన రోజుల్లో వచ్చినప్పుడు చిన్నోడు గట్టు మీద కూర్చుని అడిగాడు: "ఎప్పుడూ తడిమట్టిలోనే ఉంటుంది కదా, వేరు కుళ్ళిపోదేం తాతయ్యా?" మామిడికాయలు తరిగే హడావుడిలో జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

జవాబు ఆ మామిడికాయల దగ్గరే ఉంది. తరిగిన ముక్కను ఊరికే వదిలేస్తే బూజు పడుతుంది. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె పట్టించి జాడీకెక్కిస్తే మళ్ళీ ఏడు కాయలొచ్చేదాకా నిక్షేపంలా ఉంటుంది. మన ఒండ్రుమట్టి చిటికెడు తీస్తే కోట్లకొద్దీ బాక్టీరియా. వేరు లేచి పారిపోలేదు. బెరడు కాపలా ఉన్నా చాలదని కొన్ని మొక్కలు తమ ఆవకాయ తామే పెట్టుకుంటాయి!

పెరట్లో చిత్రమూలం చూశారుగా. దాని వేరులో ప్లంబాజిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఉంటుంది. సెగ్గడ్డల్లో చీము పట్టించే బాక్టీరియా స్టెఫైలోకాకస్‌ను కూడా ప్రయోగశాలలో అది పెరగనివ్వదు.

ఇంతకీ ఆవకాయను చెడిపోకుండా కాపాడేది ఉప్పా, ఆవపిండా, నూనా? విడదీసి చూస్తేనే తెలుస్తుంది. శాస్త్రవేత్తలూ అదే చేస్తారు. ఎండిన వేరు దంచి ఆల్కహాల్ లాంటి ద్రవంలో నానబెడతారు. ఆ రసంలో బోలెడు పదార్థాలు. సిలికా పొడి నింపిన గాజుగొట్టంలో పోస్తే ఒక్కోటీ ఒక్కో వేగంతో కిందికి దిగుతుంది, వేరువేరుగా పట్టుకుంటారు. ఒక్కోదాన్ని కాగితపు బిళ్ళకు అద్ది బాక్టీరియా పెంచే పళ్ళెంలో పెడతారు. ఏ బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగక గుండ్రంగా ఖాళీ మిగిలిందో, అదీ మన ఆవపిండి! ఆవకాయను మరీ సాగదీశానంటోంది మీ నానమ్మ.

మా చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి ఒక కుర్రాడు ఈ చిత్రమూలం వేరు నూరి ముంజేతికి పట్టించుకున్నాడు. నిమ్మకాయంత బొబ్బ లేచింది. బడితోపాటు గోదాట్లో ఈతా పోయింది. పైగా మాస్టారు ఇంటికే వచ్చి ఎక్కాలు అప్పజెప్పించుకున్నారు. బాక్టీరియాను చంపేది మన చర్మాన్నీ వదలదర్రా. పళ్ళెంలో గెలిచిందల్లా మందు కాదు. ఆయుర్వేద వైద్యులు కూడా ఈ వేరును సున్నపుతేటలో నానబెట్టి శుద్ధి చేశాకే వాడతారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు వేరు జోలికి పోకండి. తెల్లపూలు ఉంటాయి, వాటి అడుగున పచ్చటి గొట్టాన్ని భూతద్దంతో చూడండి. నిండా జిగురు బొట్లు, వాటికి అంటుకుపోయిన చీమలూ చిన్న పురుగులూ కనిపిస్తాయి. ఆ జిగురు దేనికో నేను చెప్పను, మీరే ఆలోచించి నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య