ఎర్ర రంగు పూసిన చేతిపంపులు: భోపాల్ నేల కింద మిగిలిపోయిన విషం

భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ గోడను ఆనుకుని అటల్ అయూబ్ నగర్ అనే బస్తీ ఉంది. 1990ల చివర్లో ప్రభుత్వ సిబ్బంది వచ్చి అక్కడా, చుట్టుపక్కల బస్తీల్లోనూ చేతిపంపులకు ఎర్ర రంగు పూశారు. ఈ నీళ్లు తాగడానికి పనికిరావని హిందీలో రాసి వెళ్లిపోయారు. పంపు హ్యాండిల్ మాత్రం తియ్యలేదు, కొడితే నీళ్లు వస్తూనే ఉన్నాయి. దగ్గర్లో ఇంకో నీళ్ల వసతి లేదు. ఆ ఎర్ర పంపుల కిందే బిందె పెట్టి నింపుకుని, ఆ నీళ్లతోనే వండుకున్నారు, అవే పిల్లలకు తాగించారు.

2025 జనవరి 1 రాత్రి అదే ఫ్యాక్టరీ నుంచి 12 కంటెయినర్ లారీలు పోలీసు కాపలాతో బయల్దేరాయి. వాటిలో 337 టన్నుల విష వ్యర్థాలున్నాయి. 250 కిలోమీటర్ల దూరంలో, ధార్ జిల్లా పీథంపుర్‌లో ఉన్న ప్లాంటుకు వాటిని చేర్చి, ఆ ఏడాది జూన్ ఆఖరుకల్లా కాల్చేశారు. 40 ఏళ్ల పీడ వదిలిందన్నట్టుగా వార్తలొచ్చాయి. ఆ వార్తలు చదివి మనలో చాలామంది భోపాల్ కథ ముగిసిందనే అనుకున్నాం. కానీ కాల్చింది నేల మీద మిగిలినదాన్నే. నేల లోపలికి, నీళ్లలోకి దిగిపోయినది అక్కడే ఉంది.

ఈ నీళ్ల గొడవ గ్యాస్ లీకవడం కంటే పాతది. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది పొరబడతారు. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి ట్యాంకులోంచి లేచిన మిథైల్ ఐసోసయనేట్ గాలిలో కలిసిపోయింది. ఆ రాత్రి వేల మందిని చంపింది అదే. చేతిపంపుల్లో దొరికిన రసాయనాలు వేరు. అవి ఫ్యాక్టరీ మామూలుగా నడిచిన రోజుల్లో, ఏ ప్రమాదమూ లేని రోజుల్లో, రోజూ పారబోసిన చెత్తలోంచి వచ్చాయి. ఆ రాత్రి గ్యాస్ లీకవకపోయినా ఈ నీళ్లు పాడయ్యేవే.

ఫ్యాక్టరీ 1969లో మొదలైంది. సెవిన్ అనే పురుగుమందు దాని ప్రధాన సరుకు. తయారీలో మిగిలిన తారు లాంటి ముద్దలు, వాడేసిన ద్రావకాలు, చెడిపోయిన సరుకు, అన్నిటినీ మొదటి ఎనిమిదేళ్లు ఆవరణలోనే గుంటలు తీసి పోశారు. కింద ఏ పొరా పరవకుండా ఇలా పోసిన చోట్లు 21 ఉన్నాయని తరవాత తేలింది. 1977లో ఫ్యాక్టరీకి ఉత్తరంగా 30 ఎకరాలకు పైగా స్థలంలో చెరువులు తవ్వారు. వ్యర్థజలాన్ని పైపుల్లో అక్కడికి పంపి ఎండకు ఆవిరి చేసెయ్యాలన్నది ఆలోచన. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచారు.

ఆ షీటు ఎన్నాళ్లు ఆగుతుంది? ఈ అనుమానం కంపెనీకి ముందే వచ్చింది. ఇలాంటి చెరువుల వల్ల భోపాల్ భూగర్భజలం కలుషితమయ్యే ప్రమాదం ఉందని 1972 నాటి కంపెనీ అంతర్గత నివేదికలోనే ఉంది. పదేళ్లకు, 1982 మార్చిలో, భోపాల్ నుంచి అమెరికాలోని కంపెనీకి ఒక టెలెక్స్ (టైపు చేసి తీగల మీద పంపే సందేశం) వెళ్లింది. చెరువు కారుతూనే ఉందని, ఇది చాలా ఆందోళనగా ఉందని దాని సారాంశం. గ్యాస్ లీకవడానికి అది రెండేళ్ల ముందు మాట. ఈ కాగితాలు మనకు తెలిసింది బాధితులు న్యూయార్క్ కోర్టులో దావా వేశాక, కంపెనీ ఫైళ్లు కోర్టు ముందుకొచ్చినప్పుడు. అప్పటిదాకా బస్తీల్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

గ్యాస్ ప్రమాదం తరవాత ఫ్యాక్టరీ మూతపడింది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు కేంద్ర ప్రభుత్వానికి, కంపెనీకి మధ్య 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. దేశమంతా ఆ అంకె గురించే మాట్లాడుకుంది. అదే 1989లో కంపెనీ తన స్థలంలోని మట్టి, నీళ్ల నమూనాలు తీయించి పరీక్ష చేయించింది. ఆ నమూనాల్లో వదిలిన చేపలు మొత్తానికి మొత్తం చచ్చిపోయాయి. ఆ ఫలితం కూడా ఫైల్లోనే ఉండిపోయింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆ రోజే చెప్పి ఉంటే కనీసం చేతిపంపులు మూయించి, వేరే నీళ్లు తెప్పించేవాళ్లు. ఒక తరం పిల్లలు ఆ నీళ్లు తాగకుండా పెరిగేవాళ్లు.

1994లో యూనియన్ కార్బైడ్ తన భారతీయ కంపెనీలోని వాటా అమ్మేసింది. ఆ కంపెనీ ఎవరెడీ ఇండస్ట్రీస్ అయింది. 1998లో ఎవరెడీ లీజు వదులుకుని స్థలాన్ని మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేసింది. 2001లో యూనియన్ కార్బైడ్‌ను డౌ కెమికల్ కొనుక్కుంది. ఇలా చేతులు మారే కొద్దీ శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో చెప్పడం కష్టమైపోయింది. స్థలం ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానిది కాబట్టి అదే చూసుకోవాలని యూనియన్ కార్బైడ్, మేము ఆ ఫ్యాక్టరీని ఎప్పుడూ నడపలేదని డౌ అంటూ వచ్చాయి. 2005లో కేంద్ర రసాయనాల శాఖ, శుభ్రం చేసే ఖర్చుకు అడ్వాన్సుగా డౌ రూ.100 కోట్లు కట్టాలని హైకోర్టును అడిగింది. ఆ డబ్బు రాలేదు. నీటి కాలుష్యం మీద న్యూయార్క్‌లో నడిచిన దావాలో కూడా యూనియన్ కార్బైడ్ బాధ్యత లేదనే తీర్పు 2016లో అప్పీలు కోర్టులో ఖాయమైంది. 1989 రాజీ చాలదంటూ కేంద్రం వేసిన రూ.7,844 కోట్ల పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఈలోగా నీళ్ల సంగతి బయటపెట్టింది బాధితుల సంఘాలు, వాటికి తోడొచ్చిన పరిశోధకులే. 1999లో గ్రీన్‌పీస్ జరిపిన పరీక్షల్లో బావి నీళ్లలో కార్బన్ టెట్రాక్లోరైడ్, క్లోరోఫామ్ దొరికాయి, ఫ్యాక్టరీ మట్టిలో పాదరసం దొరికింది. 2004 మేలో ఆ బస్తీలకు మంచినీళ్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆదేశం వచ్చినా కుళాయిలు రాలేదు. 2006లో బాధితులు భోపాల్ నుంచి ఢిల్లీకి 800 కిలోమీటర్లు నడిచి వెళ్లి ప్రధానిని కలవాల్సి వచ్చింది. వాళ్లు అడిగిన వాటిలో తాగునీళ్లు ముఖ్యమైనది. సుప్రీంకోర్టు చెప్పాక కూడా మంచినీళ్ల కోసం అంతదూరం నడవాల్సి రావడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు. చివరికి కోలార్ డ్యామ్ నుంచి పైపులు వేశారు.

ఇక్కడ మన హైదరాబాద్ కూడా ఈ కథలోకి వస్తుంది. ఫ్యాక్టరీ నేల కింద ఏముందో చూడటానికి నాగ్‌పూర్‌లోని నీరీ (పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ)తో పాటు హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వెళ్లారు. భూమిలోకి కరెంటు పంపి, ఎక్కడ ఎలా ప్రవహిస్తుందో కొలిచి, పూడ్చిపెట్టిన చెత్త ఎక్కడుందో వెతికారు. 2010లో ఇచ్చిన నివేదికలో శుభ్రం చేయాల్సిన మట్టి 11 లక్షల టన్నులని తేల్చారు. మొన్న కాల్చింది 337 టన్నులు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే పని ఎక్కడుందో అర్థమవుతుంది. పీథంపుర్ ప్లాంటును పెట్టింది కూడా హైదరాబాద్‌కు చెందిన రాంకీ సంస్థే.

ఎన్‌జీఆర్‌ఐ, నీరీ నివేదిక నీటి కాలుష్యం ఫ్యాక్టరీకి దగ్గర్లోని కొద్ది బావులకే పరిమితమని చెప్పింది. అంతకు ఏడాది ముందు ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 3 కిలోమీటర్ల దూరంలోని నీళ్లలో కూడా అవే రసాయనాలు చూసింది. లక్నోలోని ఐఐటీఆర్ (విషపదార్థాల పరిశోధన సంస్థ) పరీక్షలు మొదలయ్యాక కలుషిత ప్రాంతాల జాబితా పెరుగుతూ వచ్చింది. మొదట 14 బస్తీలన్నారు, తరవాత 22, 2018కి 42. కొత్త విషం ఎవరూ పొయ్యకపోయినా జాబితా ఎందుకు పెరిగింది? నేల కింద నీళ్లు కదులుతాయి. నీళ్లతో పాటు విషమూ కదులుతుంది.

ఈ కదలికే శుభ్రం చేసే పనిని కష్టం చేస్తుంది. అక్కడ దొరికిన డైక్లోరోబెంజీన్, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటివి నీళ్ల కంటే బరువైనవి. కిరసనాయిలైతే నీళ్ల మీద తేలుతుంది, పైనుంచి తీసెయ్యొచ్చు. ఇవి మునిగిపోతాయి. ఇసుక పొర దాటి, బంకమట్టి పొర మీద మడుగులుగా కూర్చుంటాయి, పగుళ్లలోకి దూరతాయి. అక్కణ్నుంచి కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి నీళ్లలో కరుగుతూ ఉంటాయి. మోటారు పెట్టి నీళ్లు తోడి, యాక్టివేటెడ్ కార్బన్ (రసాయనాలను పట్టుకునే బొగ్గు) గుండా పంపి శుభ్రం చేయడం పాత పద్ధతి. తోడినంత కాలం విషం తగ్గినట్టే కనిపిస్తుంది. మోటారు ఆపాక బంకమట్టిలో దాక్కున్నది మళ్లీ నీళ్లలోకి వచ్చేస్తుంది. అమెరికాలో ఇలాంటి స్థలాల కోసం 1980లో సూపర్‌ఫండ్ చట్టం తెచ్చారు. అప్పట్లో మొదలుపెట్టిన పంపులు కొన్నిచోట్ల దశాబ్దాలుగా నడుస్తూనే ఉన్నాయి.

అందుకని ఇప్పుడు పని చేసే క్రమం మారింది. ముందు మూలాన్ని, అంటే గుంటల్లో, చెరువుల్లో మిగిలినదాన్ని తవ్వి తీసెయ్యాలి. అది తీయకుండా కింద నీళ్లు శుభ్రం చేయడమంటే కుళాయి కట్టకుండా నేల తుడవడమే. విషం ఇంకా పాకకుండా నీళ్లు వెళ్లే దారికి అడ్డంగా కందకం తవ్వి ఇనుప రజను నింపుతారు. ఆ ఇనుముతో కలిసి కొన్ని క్లోరిన్ రసాయనాలు విరిగిపోతాయి. కొన్నిచోట్ల బోర్ల గుండా పర్మాంగనేట్ లాంటి రసాయనాలు దింపి అక్కడికక్కడే విరగ్గొడతారు. ఏ పద్ధతీ అన్ని రసాయనాలకూ పనికిరాదు. భోపాల్‌లో ద్రావకాలు, పురుగుమందులు, పాదరసం అన్నీ ఒకేచోట ఉన్నాయి కాబట్టి ఒక్క పద్ధతితో అయ్యే పని కాదు.

హైదరాబాద్ చుట్టూ ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల వైపు ఉండేవాళ్ల కోసం ఒక మాట. టీడీఎస్ మీటర్ ముంచి అంకె తక్కువొచ్చిందని ధైర్యంగా ఉండొద్దు. అది ఉప్పునే కొలుస్తుంది. క్లోరోఫామ్, క్లోరోబెంజీన్ లాంటివి దానికి కనిపించవు, వాటికి ల్యాబ్‌లో చేసే గ్యాస్ క్రోమటోగ్రఫీ పరీక్ష కావాలి. ఆర్వో ఫిల్టర్ కూడా క్లోరోఫామ్ లాంటి చిన్న అణువులను సరిగా ఆపలేదు. వాటిని ఆపేది కార్బన్ ఫిల్టర్, అదీ వేళకు మారుస్తుంటేనే.

డబ్బు ఎవరు కట్టాలన్న దానికి మన దేశంలో దారి లేకపోలేదు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్రీ అనే ఊళ్లో హెచ్ యాసిడ్ (అద్దకం రంగుల తయారీలో వాడే రసాయనం) తయారుచేసిన కంపెనీల వల్ల బావులు పాడైతే, పాడుచేసినవాళ్లే శుభ్రం చేయించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ కూడా కంపెనీలు డబ్బు కట్టకుండా పిటిషన్ల మీద పిటిషన్లు వేశాయి. 2011లో కోర్టు రూ.37.385 కోట్లకు చక్రవడ్డీ కలిపి కట్టాలని ఆదేశించాల్సి వచ్చింది. భోపాల్ ఫ్యాక్టరీ సొంతదారు విదేశంలో ఉండటంతో ఈ సూత్రం ఇక్కడ అమలు కాలేదు. అలాంటప్పుడు కేంద్రం ముందు తన డబ్బుతో పని మొదలుపెట్టి, తరవాత వసూలు కోసం పోరాడాలన్నది నా అభిప్రాయం. ఎవరు కట్టాలో తేలేదాకా నీళ్లు ఆగవు.

మొదట కావలసినది నిజానికి పెద్ద ఖర్చు పని కాదు. ఆ 42 బస్తీల్లోనూ, వాటి అవతలా, ఒక్కో చోట వేర్వేరు లోతుల్లో పరిశీలన బోర్లు దించాలి. వానలకు ముందొకసారి, వానల తరవాత ఒకసారి నీళ్లు తీసి, పూర్తి రసాయనాల జాబితాతో పరీక్షించి, ఫలితాలు బస్తీలో అందరికీ కనిపించేలా హిందీలోనూ ఉర్దూలోనూ అంటించాలి. 1972లో కంపెనీ కాగితం మీద రాసుకున్న భయం ఈ 50 ఏళ్లలో ఎంత దూరం పాకిందో ముందు ఆ బోర్లే చెప్పాలి.