నెగటివ్ వచ్చినా తీరని హెర్పిస్ భయం: దాని వెనకున్న చరిత్ర

వరంగల్, హనుమకొండల్లో చర్మవ్యాధుల వైద్యుల దగ్గరికి వచ్చేవారిలో, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా రక్తపరీక్షల కాగితాలు పట్టుకొచ్చే రోగులు కొందరుంటారు. హెర్పిస్ ఒకటో రకం నెగటివ్, రెండో రకం నెగటివ్, హెచ్‌ఐవీ నెగటివ్, సిఫిలిస్ నెగటివ్. ఒక ల్యాబు మీద నమ్మకం చాలక అదే పరీక్షను మరో ల్యాబులో చేయించుకున్న కాగితాలూ ఆ కవరులోనే ఉంటాయి. ఇంత చేసినా వాళ్లు అడిగేది ఒక్కటే: "సార్, ఇది తప్పయ్యే అవకాశం లేదంటారా?" దీన్ని వెర్రి అనుమానమని తీసిపారేయడం తేలిక. అయితే ఆ అనుమానం ఆ ఒక్క మనిషి బుర్రలో పుట్టింది కాదు. వ్యాధికి అంటిన అపకీర్తి, పరీక్షకున్న పరిమితులు, రక్తపరీక్ష కాగితం మీద మన ప్రాంతానికున్న పాత భయం, ఈ మూడూ కలిసి దాన్ని పెంచాయి.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ రెండు రకాలు. ఒకటో రకం ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల ముద్దుల ద్వారా, లాలాజలం ద్వారా సోకుతుంది; జ్వరం వచ్చినప్పుడు పెదవి అంచున లేచే నీటిపొక్కులు చాలావరకు దాని పనే. రెండో రకం ప్రధానంగా లైంగిక సంపర్కం వల్ల వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో 50 ఏళ్లలోపువారిలో సుమారు 380 కోట్ల మందికి ఒకటో రకం, 15 నుంచి 49 ఏళ్ల మధ్యవారిలో సుమారు 52 కోట్ల మందికి రెండో రకం ఉన్నాయి. వీరిలో అత్యధికులకు లక్షణాలు ఉండవు, లేదా గుర్తుపట్టలేనంత తక్కువగా ఉంటాయి. మన ఊళ్లలో అక్కి అనీ సర్పి అనీ పిలిచి కుమ్మరిచేత జాజుతో బొమ్మ రాయించుకునే జబ్బు వీటిలో ఏదీ కాదు. అది ఆటలమ్మ వైరస్ ఏళ్ల తర్వాత మళ్లీ తలెత్తడం వల్ల వచ్చే హెర్పిస్ జోస్టర్. వైద్యుడి చీటీలో మొదటి మాట మాత్రమే చదివి, ఫోనులో వెతికి, కాపురం కూలిపోయినంత కంగారుపడ్డవాళ్లూ లేకపోలేదు.

హెర్పిస్ సింప్లెక్స్‌లో ఈ రెండు రకాలకూ తేడా ఉందని స్థిరపడింది 1960లలో. అమెరికాలో ఆండ్రే నామియాస్, వాల్టర్ డౌడిల్ 1968లో ప్రచురించిన పరిశోధన అందులో ముఖ్యమైనది. అంతవరకు పెదవి పొక్కులాగే చిరాకు పెట్టే చర్మసమస్యగా ఉన్న జబ్బు, ఆ తర్వాత మెల్లగా 'నడవడికకు సంబంధించిన' జబ్బుల వరుసలో చేరింది. 1982 ఆగస్టులో టైమ్ పత్రిక హెర్పిస్‌ను ముఖచిత్ర కథనంగా వేసి, దాన్ని కళంకపు ముద్రగా వర్ణించింది. విడ్డూరమేమిటంటే, జబ్బును అదుపులో పెట్టే ఎసైక్లోవిర్ మందు అమెరికాలో ఆమోదం పొందిందీ ఆ ఏడాదే. ఆ మందు వెనక పరిశోధనను నడిపిన గెర్ట్రూడ్ ఇలియన్‌కు 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మందుల షాపులో ఎసైక్లోవిర్ మాత్రలు ఇవాళ మామూలుగా దొరుకుతాయి, కానీ ఆ ముద్ర మాత్రం చెరగలేదు.

మన దగ్గర ఆ ముద్ర హెచ్‌ఐవీ నీడలో బలపడింది. దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. రెండువేల దశకం నాటికి అత్యధిక భారం మోస్తున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు చూస్తూ పెరిగిన తరానికి ఇప్పుడు పిల్లలున్నారు. ఆ ప్రచారం ప్రాణాలు కాపాడింది, అందులో సందేహం లేదు. దాంతోపాటు అది ఇంకో పాఠాన్ని కూడా జనంలో నాటింది: ఇప్పుడు నెగటివ్ వచ్చినా మూడు నెలల తర్వాత మళ్లీ రావాలి. విండో పీరియడ్ (సోకినా పరీక్షలో ఇంకా కనిపించని కాలం) అనే మాట పరీక్షా కేంద్రాల నుంచి చాయ్ హోటళ్ల దాకా చేరింది. నెగటివ్ అంటే లేదని కాదు, ఇంకా కనిపించలేదని మాత్రమే అన్న అర్థం అప్పుడే స్థిరపడింది.

ఉత్తర తెలంగాణకు దీనికి తోడు గల్ఫ్ మెడికల్ ఒకటి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో వీసా కోసం అప్పు చేసినవాడికి ఎక్స్‌రేలు, రక్తపరీక్షల తర్వాత వచ్చే 'ఫిట్', 'అన్‌ఫిట్' అనే మాటలే బతుకుతెరువును తేలుస్తాయి. హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ ఆ జాబితాలో ఉంటాయి. ఎందుకు అన్‌ఫిట్ అయ్యాడో ఇంట్లోవాళ్లకు చెప్పకపోయినా ఊరే ఒక కారణం ఊహించి పెడుతుంది. రక్తపు రిపోర్టును తీర్పు కాగితంలా చూసే అలవాటు ఇలాంటి చోట పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

నిజానికి ప్రభుత్వ వైద్యం హెర్పిస్‌కు రక్తపరీక్ష మీద ఎప్పుడూ ఆధారపడలేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే సురక్ష క్లినిక్‌లలో వైద్యుడు పుండును చూసి, అది హెర్పిస్ లక్షణాలతో ఉంటే ఎసైక్లోవిర్ ఉన్న ఐదో నంబరు ఎర్ర కిట్ ఇస్తాడు. రక్తంలో యాంటీబాడీల (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాల) లెక్క మన ఊళ్లకు వచ్చింది ప్రైవేటు ల్యాబుల ప్యాకేజీలతో. ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు, సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో పడుతుంది, వైద్యుడు మధ్యలో ఉండడు. నా దృష్టిలో అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే. ఎందుకంటే ఆ కాగితాన్ని చదవడం అనుకున్నంత సులువు కాదు.

రెండు రకాలనూ వేరుచేసి చూపే ఐజీజీ పరీక్షలు (వైరస్ మీది గ్లైకోప్రోటీన్ జీ అనే ప్రోటీన్‌కు పుట్టే ఐజీజీ రకం యాంటీబాడీలను వెతికేవి) ఈ శతాబ్దం మొదలయ్యే వేళకు మార్కెట్లోకి వచ్చాయి. సోకిన తర్వాత యాంటీబాడీలు తయారు కావడానికి వారాలు పడుతుంది కాబట్టి, సంపర్కం జరిగిన పన్నెండు వారాల తర్వాత చేసిన పరీక్షకే విలువ. అప్పుడు కూడా ఒకటో రకాన్ని ఈ పరీక్ష అప్పుడప్పుడు పట్టుకోలేకపోతుంది. రెండో రకం విషయంలో మాత్రం పన్నెండు వారాలు దాటాక వచ్చిన నెగటివ్‌ను చాలావరకు నమ్మవచ్చు. ఐజీఎం అనే మరో రకం యాంటీబాడీ పరీక్ష సంగతి వేరు. అది రకాన్ని చెప్పదు, కొత్తగా సోకిందో పాతదో కూడా నికరంగా చెప్పలేదు. దాన్ని వాడవద్దనే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా. అయినా మన ల్యాబుల ప్యాకేజీల్లో అది కనిపిస్తూనే ఉంటుంది. లక్షణాలు లేనివారికి హెర్పిస్ రక్తపరీక్ష అసలు వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల బృందం 2016లో చెప్పి, 2023లో మళ్లీ అదే మాట మీద నిలబడింది. అలాంటివారిలో వచ్చే పాజిటివ్‌లలో దాదాపు సగం తప్పుడువి కావచ్చన్నది అది చూపిన కారణాల్లో ఒకటి.

భయపడే మనిషి ఈ కాగితాన్ని ఎలా చదువుతాడో చూడండి. మొదటి రిపోర్టులో అంకె 0.21, నెల తర్వాతి రిపోర్టులో 0.48. రెండూ నెగటివ్‌కు హద్దయిన 0.9 కన్నా తక్కువే, రెండూ నెగటివే; ఆ హద్దుకు కింద అంకె అటూ ఇటూ కదలడానికి వైద్యపరంగా అర్థమేమీ లేదు. అతనికి మాత్రం అది "పెరుగుతోంది". మూడో పరీక్షకు డబ్బు కట్టేది ఆ 0.27 కోసమే.

ఆడవాళ్ల దగ్గర ఇదే కథ మరో దారిలో వస్తుంది. గర్భం నిలవనప్పుడు రాసే టార్చ్ పరీక్షలో హెర్పిస్ కూడా ఒకటి. 1971లో ఆ పేరు పెట్టింది పైన చెప్పిన నామియాసే. పుట్టిన బిడ్డల్లో కనిపించే కొన్ని ఇన్ఫెక్షన్లను ఒక చోట చేర్చడం కోసం పెట్టిన పేరది. ఇక్కడ వాడే టార్చ్ ప్యానెళ్లలో చాలావరకు రెండు రకాలనూ కలిపే చూపిస్తాయి, కాబట్టి చిన్నప్పటి పెదవి పొక్కు కూడా పాజిటివ్‌గానే వస్తుంది. ఆ ఒక్క మాట అత్తగారింట్లో ఎన్ని ప్రశ్నలకు దారితీస్తుందో చెప్పనక్కర్లేదు. భార్య కాగితం చూసి తానూ పరీక్ష చేయించుకుని, నెగటివ్ వచ్చినా నమ్మని భర్తలు ఇలాంటి ఇళ్లలోంచే వస్తారు.

ఇంత జరిగాక ఒంటి మీద ప్రతి మచ్చా సాక్ష్యంలా కనిపిస్తుంది. గజ్జల్లో తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన క్రీం రాసి రాసి చర్మం పలచబడి మండుతుంది. శుభ్రం కోసమని యాంటీసెప్టిక్ నీళ్లతో రోజూ కడిగితే ఇంకా మండుతుంది. రాత్రి తలుపు గడియ పెట్టి ఫోన్ టార్చ్ వెలుగులో చూసుకుంటే, పుట్టినప్పటి నుంచీ ఉన్న చిన్న నూనెగ్రంథులు కూడా ఆ రాత్రే కొత్తగా లేచిన పొక్కుల్లా కనిపిస్తాయి. ఆందోళన వల్లే కాళ్లలో తిమ్మిరి, చురుకులు వస్తాయి. అవి కూడా హెర్పిస్ జాబితాలో ఉండటం అతని దురదృష్టం.

ఈ స్థితి వైద్యానికి కొత్త కాదు. సిఫిలిస్ లేకపోయినా ఉందని నమ్మేవాళ్ల భయానికి పందొమ్మిదో శతాబ్దంలోనే సిఫిలోఫోబియా అని పేరుంది. 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చినా ఆ భయం పోలేదు. మానసిక ఆరోగ్య పరిశోధకులు పోల్ సల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ 1986లో దీని గుట్టును ఇలా విప్పారు: భరోసా కోసం చేసే ప్రతి పరీక్షా కాసేపు ఉపశమనమిచ్చి, ఆ ఉపశమనం కరిగిపోగానే మరో భరోసా కోసం ఆరాటాన్ని పెంచుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో పాత 'హైపోకాండ్రియాసిస్' పేరు తీసేసి, జబ్బు భయాన్నే 'ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్' అనే విడి రుగ్మతగా గుర్తించింది. కాజీపేట రైల్వే గోడల మీద, లాడ్జిల బయట కనిపించే 'గుప్తరోగాల' ప్రకటనలు మాత్రం ఈ భయం మీదే ఇప్పటికీ వ్యాపారం చేసుకుంటున్నాయి.

చాలామందిలో అడుగున ఉన్నది వైరస్ కాదు, పెళ్లి కుదిరాక గుర్తొచ్చిన ఒక పాత సంఘటన, దాని తాలూకు అపరాధ భావం. ల్యాబు దానికి జవాబు చెప్పలేదు. అందుకే అనుభవమున్న వైద్యులు పన్నెండు వారాల తర్వాతి ఒక్క ఐజీజీ పరీక్షతో లెక్క ముగించి, ఇక పరీక్షలు రాయడం మానేస్తారు; మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే ఆలోచనల తీరును, పదేపదే చూసుకునే అలవాటును మార్చే చికిత్స, అవసరమైతే ఆందోళన తగ్గించే మందులు పనిచేస్తాయి. వరంగల్‌లో ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రి ఉంది. ముఖం చూపించి చెప్పుకోలేనివారికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ఉచిత నంబరు 14416లో తెలుగులో మాట్లాడే వీలుంది. ఎప్పుడైనా నిజంగానే నీటిపొక్కులు, పుండు కనిపిస్తే మాత్రం క్రీం ఏదీ రాయకుండా ఒకటి రెండు రోజుల్లోనే వైద్యుడికి చూపించాలి. అప్పుడు చేయవలసింది రక్తపరీక్ష కాదు, ఆ పుండు మీద నుంచి తీసిన స్వాబ్‌తో చేసే పీసీఆర్ పరీక్ష.